శత్రు వేగుల ప్రేమకథ: ఓరుగల్లు ముట్టడి నేపథ్యంగా చారిత్రక నవల ఎలా రాయాలి

కాకతీయుల కాలం. వేర్వేరు రాజ్యాలకు చెందిన ఇద్దరు వేగులు. యుద్ధం ఆ ఇద్దరినీ ఒకే పనికి కట్టేస్తుంది, ఆ పనిలోనే ప్రేమ పుడుతుంది. ఇలాంటి నవల రాయాలనుకునేవాళ్ళు వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపుల నుంచి నాకు తరచూ ఉత్తరాలు రాస్తుంటారు. అందరి చిక్కూ దాదాపు ఒకటే. యుద్ధం రాయగలుగుతున్నాం, ఎత్తులూ పైఎత్తులూ రాయగలుగుతున్నాం, ప్రేమ దగ్గరికి వచ్చేసరికి కలం కదలడం లేదంటారు. రాతప్రతి తెప్పించుకుని చదివితే కారణం తెలిసిపోతుంది. యుద్ధం ఒక అధ్యాయంలో ఉంటుంది, ప్రేమ ఇంకో అధ్యాయంలో ఉంటుంది. కత్తులు పక్కన పెట్టి, చెరువు గట్టున వెన్నెల్లో కూర్చుని ప్రేమించుకుంటారు. ముట్టడిలో ఉన్న వేగులకు ఆ తీరిక ఎక్కడిది? వాళ్ళ దగ్గర ఉన్న విలువైన సొత్తు రహస్యం ఒక్కటే. దాన్ని ఎప్పుడు, ఎంత నష్టానికి ఓర్చి ఎదుటి మనిషి చేతిలో పెట్టారన్నదే వాళ్ళ ప్రేమకథ. కింద చెప్పబోయే పద్ధతంతా ఆ సంగతి చుట్టూనే తిరుగుతుంది.

కావలసినవి

రెండు నోటు పుస్తకాలు. ఒకటి రోజుల పట్టికకు, రెండోది రహస్యాల పద్దుకు.
వరంగల్ కోటలో ఒక పూర్తి రోజు. పక్క ఊరివారైనా సరే, రాయడం మొదలుపెట్టే ముందు మళ్ళీ వెళ్ళండి.
మీ చేత్తో గీసుకున్న కోట పటం. అచ్చు పటం చాలదు, ఎందుకో మూడో మెట్టులో చెబుతాను.
ఆ కాలంలో లేని వస్తువుల జాబితా, లేని మాటల జాబితా.
ఎర్ర సిరా కలం, పచ్చ సిరా కలం. ఇవి చివరి పరీక్షకు కావాలి.

1. ఒక్క ముట్టడిని ఎంచుకోండి

"కాకతీయుల కాలం" అంటే చాలదు. ప్రతాపరుద్రుడి ఏలుబడిలో ఓరుగల్లు మీదికి ఢిల్లీ సేనలు ఒకసారి కాదు, పలుమార్లు వచ్చాయి. నవలకు పనికివచ్చే ముట్టడులు మూడు.

మొదటిది 1310 నాటిది. ఢిల్లీ సేనాని మాలిక్ కాఫుర్ 1309 చివర్లో ఢిల్లీ నుంచి బయలుదేరి, సిర్పూరు మీదుగా వచ్చి, హనుమకొండ గుట్ట దగ్గర నిలిచి కోటను చుట్టుముట్టాడు. వెలుపలి మట్టికోట పడిపోయాక ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకుని అపారమైన ధనం, ఏనుగులు, గుర్రాలు ఇచ్చాడు. రెండోది 1321-22 నాటిది. ఉలుఘ్ ఖాన్, అంటే తరువాతి కాలపు మహమ్మద్ బిన్ తుగ్లక్, వచ్చి ముట్టడించి, కోట చేజిక్కే సమయానికి తన సైన్యమే చెదిరిపోగా దేవగిరికి, అంటే ఇప్పటి మహారాష్ట్రలోని దౌలతాబాద్‌కు, వెనుదిరిగాడు. మూడోది 1323. ఆ ఏడు ఓరుగల్లు పడిపోయింది. ఢిల్లీకి తీసుకుపోతుండగా ప్రతాపరుద్రుడు నర్మదా తీరంలో ప్రాణం విడిచినట్టు తరువాతి శాసనాలు చెబుతున్నాయి.

నన్ను అడిగితే రెండోదాన్నే తీసుకోమంటాను. బరనీ అనే ఢిల్లీ చరిత్రకారుడు రాసినదాని ప్రకారం, ఉలుఘ్ ఖాన్‌కు తండ్రి అయిన ఢిల్లీ సుల్తాను దగ్గరి నుంచి వారానికి రెండు మూడు సార్లు వచ్చే టపా సుమారు నెల రోజుల పాటు ఆగిపోయింది. సుల్తాను చనిపోయాడన్న పుకారు శిబిరంలో పుట్టింది. ఉబైద్ అనే కవి, మరొకడు కలిసి ఆ పుకారును సేనానుల చెవిలో వేశారు, ఖాన్ మిమ్మల్ని చంపించబోతున్నాడని బెదరగొట్టారు. సేనానులు తమ తమ దళాలతో లేచిపోయారు. పుకారును ఎవరు మోశారో తెలుసు. టపా అన్నాళ్ళు దారిలో ఎలా నిలిచిపోయిందో మాత్రం చరిత్ర తేల్చి చెప్పదు. ఒక మహాసైన్యాన్ని కదిలించిన ఆ మౌనం వెనుక మీ వేగులిద్దరినీ నిలబెట్టండి. చరిత్రలో ఒక్క అక్షరం మార్చకుండా నవల మొత్తం అక్కడ పడుతుంది.

హెచ్చరిక: ఉబైద్ చేసిన పనిని మీ నాయకుడికి అంటగట్టకండి. చరిత్రలో ఉన్న మనిషి చేసింది అతడికే ఉంచి, అతడికి తెలియకుండా దారి సిద్ధం చేసిన చేతులుగా మీవాళ్ళను చూపించండి.

ప్రత్యామ్నాయం: అంత వెనక్కి వెళ్ళడం కష్టమనిపిస్తే 1947-48 తీసుకోండి. నిజాం పాలన మీద పోరాడుతున్న రెండు పక్షాలు, అంటే సరిహద్దు అవతల చాందా (ఇప్పటి చంద్రపూర్) వంటి చోట్ల నడిచిన కాంగ్రెసు శిబిరాలు, అడవుల్లోని కమ్యూనిస్టు దళాలు, ఒకదాన్నొకటి అనుమానించుకుంటూనే ఒకే శత్రువు మీద పనిచేశాయి. చెరొక పక్షానికి కబుర్లు మోసే ఇద్దరు మనుషులు గోదావరి ఒడ్డున తారసపడటం చక్కని మొదలు. కానీ ఆ కాలపు కుటుంబాలు ఇంకా మన మధ్యే ఉన్నాయి. ఊరి పేరూ ఇంటి పేరూ కల్పించుకోండి. జరిగిన హత్యను మీ కథ మలుపు కోసం వాడుకోకండి.

2. ఇద్దరి మధ్య పాత పగ ఉండాలి, కొత్త అవసరం ఉండాలి

చాలామంది ఆమెను ఓరుగల్లు వేగుగా, అతడిని ఢిల్లీ వేగుగా పెడతారు. అలా పెడితే ఇద్దరూ కలిసి పనిచేయడానికి కారణం దొరకదు. చివరికి అతడు తన పక్షానికి ద్రోహం చేస్తే తప్ప కథ నడవదు. అతడు ఎందుకు మారాడంటే "ఆమె కళ్ళు చూసి" అని రాయవలసి వస్తుంది. ఆమె కళ్ళు ఎంత అందంగా ఉన్నా ఒక రాజ్యం బరువు మోయలేవు.

అతడిని దేవగిరివాడిని చేయండి. ఓరుగల్లుకూ దేవగిరి యాదవులకూ తరాల వైరం. 1310లో ఢిల్లీ సేన ఓరుగల్లు మీదికి వచ్చినప్పుడు దేవగిరి రాజు రామచంద్రుడు ఆ సేనకు సాయపడ్డాడు. ఆ తరువాత దేవగిరి గతి తలకిందులైంది. తిరగబడిన రామచంద్రుడి అల్లుడు హరపాలదేవుడిని 1318 ప్రాంతంలో ముబారక్ షా ఖల్జీ క్రూరంగా చంపించాడు, రాజ్యం ఢిల్లీ పాలన కిందికి పోయింది. అంటే 1321 నాటికి దేవగిరి వేగుకు చెప్పుకోవడానికి రాజు లేడు, రాజ్యం లేదు, పగ మాత్రం ఉంది. ఓరుగల్లు వేగుకు రాజూ రాజ్యమూ ఉన్నాయి గానీ చుట్టూ ముట్టడి ఉంది.

ఆమె బాల్యాన్ని 1310లో పెట్టండి. రాతికోటకూ మట్టికోటకూ మధ్య ఉన్న ఇంట్లో పుట్టిన పిల్ల, ఆ ఏడు మట్టికోట పడినప్పుడు తండ్రిని పోగొట్టుకుంది. తన ఇంటిని కాల్చిన సైన్యం దేవగిరి గింజలు తిని బతికిందని ఆమెకు తెలుసు. అతడికి ఆ ఏడు పదిహేనేళ్ళు. శిబిరానికి ధాన్యం మోసిన ఎద్దుల వెంట నడిచిన కుర్రవాళ్ళలో అతడూ ఒకడు. ఈ సంగతి పాఠకుడికి ముందే తెలియాలి. ఆమెకు బాగా ఆలస్యంగా తెలియాలి.

ఇక అవసరం. "ఇద్దరూ కలిస్తే సులువు" అన్నది చాలదు, "విడివిడిగా అసాధ్యం" కావాలి. అతడికి దేవగిరి దారి తెలుసు, టపా గుర్రాలు ఎక్కడెక్కడ మారతాయో తెలుసు. ఆమెకు ఆ దారి పొడవునా ఉన్న ఊళ్ళు తెలుసు, ఏ ఇంట్లో తలుపు తడితే దీపం ఆర్పి లోపలికి రానిస్తారో తెలుసు. ఒకరి తెలివి లేకుండా రెండోవారు ఆమడ దూరం కూడా పోలేరు.

పనికి కట్టేసే ముడి బలంగా ఉండాలి. పై అధికారి ఆజ్ఞ ఒక మార్గం, ఒకే చెరలో పడటం మరో మార్గం. నాకు నచ్చినది మూడోది: ఒకరి గుట్టుకు సంబంధించిన రుజువు మరొకరి చేతిలో ఉండటం. అతడు నిజానికి ఎవరో శిబిరంలో బయటపెట్టగల కాగితం ఆమె దగ్గర ఉంది. ఆమె కోట బయటికి వచ్చే దారిని అతడు చూశాడు. ఎవరు ముందు నోరు విప్పినా ఇద్దరూ చస్తారు. ఆ భయంతో మొదలైన నడక ఎక్కడ మరో రకంగా మారిందో వాళ్ళకే తెలియకూడదు.

3. కోటలో నడవండి

పొద్దున్నే వెళ్ళండి. మట్టికోట ద్వారం నుంచి లోపలికి నడుస్తూ అడుగులు లెక్కపెట్టండి. రాతికోట ద్వారం దగ్గర దారి నేరుగా పోదు, మలుపులు తిరుగుతుంది. లోపలికి దూసుకొచ్చే శత్రువు ఆ మలుపులో ఆగి, పైనున్నవారికి పక్కటెముకలు చూపించాల్సిందే. అక్కడ నిలబడి పైకి చూస్తే మీ నాయకుడికి ఎలా ఉంటుందో అర్థమవుతుంది. గోడ లోపలివైపు పొడవునా మెట్లు ఉన్నాయి. ఎక్కడి నుంచైనా ఎక్కగలిగే వీలు అది. అంటే ముట్టడి రాత్రి ఆ గోడ మీద ఒంటరి చోటు దొరకదు. కోటగోడ మీద ఏకాంతంగా ప్రేమికుల సంభాషణ రాసినవాళ్ళు ఆ మెట్లు చూసి ఆ పుటలు చింపేశారు.

తరువాత కోట నుంచి హనుమకొండ వైపు నడవండి. ఆటో ఎక్కకండి. శిబిరం ఎంత దూరం, శిబిరం మంటలు కోట మీద నుంచి కనిపిస్తాయా, ఎండలో ఆ దూరం నడిస్తే ఎంతసేపు పడుతుంది, దారిలో దాహం ఎక్కడ మొదలవుతుంది, ఇవన్నీ రాసుకోండి. మీ పటంలో కొలతల కన్నా ఈ వివరాలే ఎక్కువ ఉండాలి. అచ్చు పటం చాలదన్నది ఇందుకే.

ఇప్పుడు కనిపించేదంతా అప్పుడు లేదు, అప్పుడున్నదంతా ఇప్పుడు కనిపించదు. నాలుగు కీర్తి తోరణాల మధ్య ఈనాడు ఆరుబయలు, విరిగిన శిల్పాలు ఉన్నాయి. 1321లో అక్కడ స్వయంభూ శివుడి ఆలయం నిలిచి ఉంది, తోరణాలు దాని ప్రాంగణానికి ద్వారాలు. ఖుష్ మహల్ తరువాతి పాలకుల కట్టడం. మీ నాయిక అందులో దాక్కోవడానికి వీల్లేదు. వేయిస్తంభాల గుడి 1163 నాటిది, రామప్ప 1213 నాటిది. ఈ రెండూ అప్పటికే పాతబడిన గుళ్ళు. పాత్రలు వాటిని కొత్త వింతలా చూసి నోరెళ్ళబెట్టకూడదు.

4. వేషం, వృత్తి

నర్తకి వేషంలో గూఢచారిణి. దీన్ని ఇక వదిలేద్దాం. అర్థశాస్త్రంలో కౌటిల్యుడు చెప్పిన వేగుల రకాల్లో గృహస్థుడి వేషం, వర్తకుడి వేషం, తాపసి వేషం, భిక్షుకి వేషం కనిపిస్తాయి. అన్నీ ఎవరి కంటా పడని మనుషులవే. అందరూ కన్నార్పకుండా చూసే మనిషి వేగుగా పనికిరాదు.

ఆమెకు పూటకూళ్ళ ఇల్లు ఇవ్వండి. ప్రతాపరుద్రుడి నాటి ఓరుగల్లు వీధులను వర్ణించిన క్రీడాభిరామంలో ఒక్క రూకకు గోధుమపిండి వంట, పెసరపప్పు, నెయ్యి, గడ్డపెరుగుతో భోజనం పెట్టే ఇల్లు ఉంది. బాటసారులు వచ్చే చోటు, నాలుక జారే చోటు. ముట్టడి పెరిగేకొద్దీ ఆ విస్తట్లో ఒక్కో పదార్థం తగ్గిపోవడం చూపితే కోటలో ఆకలి గురించి విడిగా ఒక్క వాక్యం కూడా రాయనక్కరలేదు. ముందు నెయ్యి పోతుంది, తరువాత గోధుమ, తరువాత పెరుగు. పప్పు నీళ్ళగా మారిన రోజున ఆమె అతడికి ఏం వడ్డించిందో రాయండి.

అతడికి పెరికెద్దులు ఇవ్వండి. ఎద్దు మీద గోనెలు వేసి ధాన్యమూ ఉప్పూ తోలేవాడికి ఏ శిబిరంలోనైనా చోటుంటుంది. సైన్యం గెలిచినా ఓడినా తినాలి కదా.

5. లేనివాటిని ఏరివేయండి

ఎక్కువ తప్పులు దొరికేది ఇక్కడే. ఏడాది కిందట ఒక రాతప్రతిలో ఎంతో చక్కని సన్నివేశం చదివాను. గాయపడిన అతడికి ఆమె జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ నూరిన కారం పెడుతుంది. మిరపకాయ మన దేశానికి వచ్చింది పోర్చుగీసుల రాక తరువాతే. అంటే ఆ సన్నివేశానికి సుమారు రెండు వందల ఏళ్ళ తరువాత. కారం కావాలంటే మిరియాలు, పిప్పళ్ళు, అల్లం ఉన్నాయి.

వంటింట్లో నుంచి తీసేయాల్సినవి: మిరప, టమాటా, బంగాళాదుంప, మొక్కజొన్న, వేరుశనగ, జామపండు, బొప్పాయి, జీడిపప్పు, కాఫీ, టీ. పొగాకు కూడా లేదు కాబట్టి కాపలావాడి నోట్లో చుట్ట ఉండకూడదు. ఉంచదగినవి: జొన్న, సజ్జ, వరి, పెసర, కంది, నువ్వులు, చింతపండు, బెల్లం, ఆముదం. పూలలో బంతిపూవు కూడా అమెరికా ఖండం నుంచి వచ్చినదే. పూలు పేర్చే సన్నివేశం రాస్తే తంగేడు, గునుగు, తామర చాలు.

ఆయుధాల్లో తుపాకీ, ఫిరంగి లేవు. రాళ్ళు రువ్వే యంత్రాలు, బాణాలు, ఈటెలు, నిప్పు ఉన్నాయి.

మాటల సంగతి ఇంకా సూక్ష్మం. కథకుడిగా మీరు ఏ మాటైనా వాడవచ్చు, ఈనాటి పాఠకుడికి చెబుతున్నారు కనుక. పాత్రల నోట మాత్రం జాగ్రత్త పడండి. వేగుల కథలో అందరూ వాడేసే "కబురు" అన్నమాటే అరబ్బీ నుంచి వచ్చింది. ఆమె నోట "వర్తమానం" అనో "వేగు వచ్చింది" అనో పలికించండి. "రోజు" పారసీ మాట, "దినం", "నాడు" ఉన్నాయి. "కాగితం" కూడా అటు నుంచి వచ్చినదే, దీన్ని మాత్రం కావాలనే వాడండి. ఓరుగల్లు తాటాకు మీద గంటంతో రాస్తుంది, ఢిల్లీ శిబిరం కాగితం మీద సిరాతో రాస్తుంది. పూటకూళ్ళ ఇంట్లో చిన్న కాగితపు ముక్క దొరికిందంటే అదే ఒక నేరం. ఆ పరాయి మాటను ఆమె మొదటిసారి అతడి నోట విని, మెల్లగా తన నోట పలికి చూసుకోవడం ఒక సన్నివేశమే అవుతుంది.

కాలానికి ఘడియ, జాము వాడండి. ఘడియ అంటే 24 నిమిషాలు, జాము అంటే మూడు గంటలు. దూరానికి క్రోసు, ఆమడ. డబ్బుకు మాడ, గద్యాణం, రూక.

6. రోజుల పట్టిక

ముట్టడి మొదలైన రోజు నుంచి చివరి రోజు దాకా వరుసగా గీతలు గీసి తిథి రాసుకోండి. అమావాస్య, పున్నమి గుర్తించండి. నిండు వెన్నెలలో అగడ్త దాటిన నాయిక, వారం తిరక్కుండా మళ్ళీ నిండు వెన్నెలలో తిరిగి వచ్చిన రాతప్రతులు నేను లెక్కలేనన్ని చూశాను. వేగులకు అమావాస్య పని రోజు, పున్నమి గండం. దీన్ని బట్టే కథ నడక మారుతుంది. ఋతువు కూడా చూసుకోండి. వానాకాలంలో గోదావరి పొంగితే రేవు దాటడం కుదరదు.

7. రహస్యాల పద్దు

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికివ్వండి. మూడు నాలుగు వారాలు పట్టినా విసుగుపడకండి.

రెండో నోటు పుస్తకం తెరిచి, ఎడమవైపు ఒక్కో రహస్యం రాయండి. పక్కన నాలుగు గడులు గీయండి: ఆమెకు ఎప్పుడు తెలిసింది, అతడికి ఎప్పుడు తెలిసింది, పాఠకుడికి ఎప్పుడు తెలిసింది, వాళ్ళ పైవాళ్ళకు ఎప్పుడు తెలిసింది. ప్రతి గడిలో అధ్యాయం అంకె వేయండి. ఉదాహరణకు:

1310లో అతడు ధాన్యపు ఎద్దుల వెంట ఓరుగల్లు వచ్చాడు. పాఠకుడికి 3, అతడికి మొదటి నుంచీ, ఆమెకు 17, పైవాళ్ళకు ఎన్నటికీ తెలియదు.
పని ముగిశాక అతడిని ప్రాణాలతో వదలవద్దని ఆమెకు ఆజ్ఞ అందింది. ఆమెకు 6, పాఠకుడికి 6, అతడికి 12. తనకు తెలిసిందని అతడు చెప్పేది మాత్రం 19లో.
అతడి తమ్ముడు శిబిరంలోనే ఎద్దులు తోలుతున్నాడు, సైన్యం చెదిరితే వాడి ప్రాణానికి ముప్పు. ఆమెకు 9.
ఆమె కోట బయటికి వచ్చే దారి. అతడికి 2. ఒక్కసారి కూడా ఎవరికీ అమ్మలేదని ఆమెకు తెలిసేది 15లో.

ఇప్పుడు పద్దు చూడండి. ఆరో అధ్యాయం నుంచి ఆమె అతడికి అన్నం వడ్డించే ప్రతిసారీ పాఠకుడి గొంతులో ముద్ద దిగదు. పన్నెండు నుంచి అతడు అదే అన్నం తెలిసి తింటున్నాడు. చంపబోయే చేయి అని తెలిసీ, ఏమీ తెలియనట్టు విస్తరి ముందు కూర్చుంటున్నాడు. మీరు ఎక్కడా ప్రేమ అన్న మాట రాయలేదు, అయినా ఆ ఇల్లంతా ప్రేమతో నిండిపోయింది. పైగా కథ ముందుకు నడుస్తూనే ఉంది, ఎవరూ పని ఆపి చెరువు గట్టుకు వెళ్ళలేదు.

పద్దు రాసేటప్పుడు మూడు నియమాలు పాటించండి. తలుపు చాటున నిలబడి వినడం వల్ల ఏ ముఖ్యమైన రహస్యమూ బయటపడకూడదు. అది రచయిత సోమరితనం. రహస్యం పనిలో బయటపడాలి, లేదా తెలిసి తెలిసి ఇవ్వాలి. ఇచ్చిన ప్రతి రహస్యానికీ ఇచ్చినవారు ఏదో పోగొట్టుకోవాలి. ఇద్దరూ ఒకే అధ్యాయంలో అన్నీ చెప్పేసుకోకూడదు. కన్నీళ్ళతో మనసు విప్పుకునే పెద్ద సన్నివేశం రాయాలని చేయి లాగుతుంది. రాయండి, తరువాత తీసేయండి. దానిలోని ఒక్కో ముక్కనూ ఒక్కో పనిలో పెట్టండి.

తరచూ వచ్చే ప్రశ్న: ఆమె 17లో నిజం తెలుసుకున్నాక ఎలా క్షమిస్తుంది? క్షమించనక్కరలేదు. పదిహేనేళ్ళ పిల్లవాడు ఎద్దుల తోక పట్టుకుని నడిచాడు, అంతే. ఆమెకూ అది తెలుసు. తెలిసినా తండ్రి తిరిగిరాడు. ఈ రెండూ ఒకేసారి నిజమని ఒప్పుకుని మరునాటి పనికి బయలుదేరడం క్షమాపణ కన్నా పెద్ద సంగతి. ఆ ప్రయాణంలో ఇద్దరూ మాట్లాడుకోకపోయినా సరే.

8. గంట వినిపించని రాత్రి

నవలకు గుండెకాయ లాంటి సన్నివేశం ఒకటి ఉండాలి. ఎలా కట్టాలో చెబుతాను. 1333లో మన దేశానికి వచ్చిన ఇబ్న్ బతూతా, ఢిల్లీ టపా కాలిబంట్లు చేతిలో గంటలు కట్టిన కర్ర పట్టుకుని పరిగెత్తేవారని, ఆ చప్పుడు విని తరువాతి మజిలీవాడు సిద్ధంగా నిలబడేవాడని రాశాడు. పదేళ్ళ వెనుక కూడా ఇలాగే ఉండేదని నవలలో అనుకోవచ్చు.

ముందు అధ్యాయాల్లో ఆ గంటల చప్పుడు పాఠకుడికి అలవాటు చేయండి. వారానికి రెండు మూడు సార్లు, పొదలో దాగిన ఇద్దరి ముందు నుంచి ఆ చప్పుడు పోతుంది. మొదట అది శత్రువు చప్పుడు. తరువాత తరువాత ఒకే దుప్పటి కింద కూర్చుని ఎదురుచూసే చప్పుడు. ఆ పైన ఒక రాత్రి గంట రాదు. తమ పని ఫలించిందని తెలిసిన క్షణం అది. గెలిచారు కనుక ఇక కలిసి కూర్చోవాల్సిన అవసరమే లేదు. జాము గడిచినా ఎవరూ లేవరు. సంభాషణ వద్దు. ఆమె చేతిలో ఆజ్ఞ ఉంది, అతడికి అది తెలుసు. ఇంతవరకు పద్దు సరిగా రాసుంటే ఈ సన్నివేశానికి పది వాక్యాలు సరిపోతాయి.

హెచ్చరిక: ఆ గంట పట్టుకున్న కాలిబంటును ముఖం లేని శత్రువుగా వదిలేయకండి. అతడూ ఎవరి ఇంటి బిడ్డో. ఈ యుద్ధాన్ని రెండు మతాల పోరుగా కుదించేస్తే మీ నవల సగం చచ్చిపోతుంది. 1310లో ఢిల్లీకి సాయపడ్డది దేవగిరి రాజు. 1321-22లో ఉలుఘ్ ఖాన్‌ను విడిచిపోయింది అతడి సొంత సేనానులు. మనుషులు భయంతో, ఆకలితో, మాటకు కట్టుబడి, మాట తప్పి ఎలా నడిచారో అలాగే చూపించండి.

9. ముగింపు

సేన చెదిరింది, కోట బతికింది. అక్కడే ఆపి పెళ్ళి చేయాలనిపిస్తుంది. కానీ 1323 వస్తుందని పాఠకుడికి తెలుసు, మీ పాత్రలకు తెలియదు. ఉలుఘ్ ఖాన్ మళ్ళీ వస్తాడు, ఈసారి దారి పొడవునా టపా తెగకుండా చూసుకుంటాడు, కోట పడుతుంది, ఊరి పేరు సుల్తాన్‌పూర్ అవుతుంది. రెండు ముట్టడుల మధ్య దొరికిన ఆ కొద్ది నెలలే వాళ్ళ కాపురం. ఆ నెలలను తొందరపడకుండా రాయండి. విస్తట్లోకి పెరుగు తిరిగి వచ్చిన రోజు, అతడు మట్టికోట పక్కన కాలిపోయిన ఇంటి గోడను తిరిగి లేపడం, ఎద్దులకు కొత్త మెడతాళ్ళు పేనడం. ఇద్దరినీ చంపాలా, పంపించాలా అన్నది మీ ఇష్టం. చంపదలచుకుంటే గొప్ప త్యాగంగా కాకుండా, పనిలో భాగంగానే పోనివ్వండి. పంపించదలచుకుంటే ఎవరో ఒకరు వెనక్కి తిరిగి చూడటం రాయకండి, అది అందరూ రాసేశారు.

10. సరిచూసుకోవడం

రాతప్రతి పూర్తయ్యాక నెల రోజులు ముట్టుకోకండి. తరువాత ఈ పరీక్షలు చేయండి.

ప్రేమ సన్నివేశాలన్నీ పక్కకు తీసి మిగిలిన కథ చదవండి. కథ ఏ ఇబ్బందీ లేకుండా అర్థమైతే మీ ప్రేమ కథకు అతికించిన ముక్క మాత్రమే. ఏడో మెట్టుకు వెనక్కి వెళ్ళండి. యుద్ధం తీసి చదివినా అలాగే తడబడాలి.

వ్యవసాయం తెలిసిన ఒకరి చేత తిండి, పంటలు, వానల పుటలు చదివించండి. కోట దగ్గర పుట్టి పెరిగిన పెద్దవారి చేత దారుల పుటలు చదివించండి. వాళ్ళు పట్టే తప్పులు చరిత్ర చదివినవారు పట్టలేరు.

చివరగా ఎర్ర, పచ్చ కలాలు. ఆమె అతడితో మాట్లాడే ప్రతి చోటా "మేము", "మా" అన్న మాటల కింద ఎర్ర గీత, "మనం", "మన" అన్న మాటల కింద పచ్చ గీత గీయండి. మన భాషలో ఉన్న ఈ తేడా ప్రేమకథ రాసేవారికి పెద్ద వరం. "మేము ఈ రేవు దాటాలి" అన్నప్పుడు అతడు బయట ఉన్నాడు. "మనం దాటాలి" అంటే లోపల ఉన్నాడు. మరాఠీలోనూ ఈ తేడా ఉంది కనుక దేవగిరివాడు ఆ మాటను వెంటనే పసిగడతాడు. మొదటి పచ్చ గీత తొలి అధ్యాయాల్లోనే పడి ఉంటే, ఏ ఆలోచనా లేకుండా ఆ మాట వాడేశారన్నమాట, మార్చండి. అది నవల మధ్య దాటాక, పని హడావుడిలో, ఆమె గమనించకుండా నోరు జారిన చోట పడాలి. అతడు విని, జవాబు చెప్పకుండా, ఎద్దుల పలుపులు సరిచేసుకుంటూ ఉండిపోవాలి.

ఆ ఒక్క పుటను బిగ్గరగా మూడుసార్లు చదవండి. ఆ మాట దగ్గర మీ గొంతు తడబడితే ఆ పుటను అలాగే ఉంచండి. తడబడకపోతే ఆ ముందు పది పుటలు తిరగరాయండి, ఆ పుటను మాత్రం ముట్టుకోకండి. తప్పు దాదాపు ఎప్పుడూ ముందు పుటల్లోనే ఉంటుంది.